అంగడిలోని ముఖము ఎవరిది?



బొమ్మ గీయుట పాపమా అని మన సంఘములలో పెద్దలు అప్పుడప్పుడు అడుగుచుందురు. నిర్గమకాండము 20వ అధ్యాయములోని విగ్రహములను గూర్చిన ఆజ్ఞను తలంచుకొని వారట్లు అడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఎక్కువసేపు పట్టదు. ఆ ఆజ్ఞ నిషేధించునది మ్రొక్కుకొనుటకై చేసికొను రూపమును. అదే గ్రంథము 31వ అధ్యాయములో, బెసలేలు అను పనివానికి బంగారముతోను వెండితోను రాతితోను కొయ్యతోను పని చేయు నేర్పు దేవుడే ఇచ్చెనని యున్నది. దేవుడిచ్చిన నేర్పును దేవుడే నిషేధించునా? ఆ సంగతి అంతటితో చాలును.

నేను తలపోయుచున్న ప్రశ్న వేరొకటి. అది విగ్రహములను గూర్చిన ఆజ్ఞకు కాక, పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞకు చెందినది. (మనము దానిని తొమ్మిదవ ఆజ్ఞ అందుము, లూథరను సహోదరులు ఎనిమిదవదిగా లెక్కింతురు. లెక్క ఏదైనను ఆజ్ఞ ఒక్కటే.) ఒకడు అంగడికి పోయి, కూరగాయలమ్ము స్త్రీని సెల్ ఫోనుతో ఫోటో తీసి, ఇంటికి వచ్చి, ఆ ఫోటోను ఎదుట పెట్టుకొని కాన్వాసు గుడ్డమీద తైలవర్ణములతో ఆమె బొమ్మ వేసెననుకొనుడి. ఆ ముఖము ఇప్పుడు ఎవరిది? ఆ బొమ్మలో అతడు దేనిని మార్చవచ్చును, దేనిని మార్చరాదు? ఆమెకు అతడు ఏమైన అచ్చియున్నాడా?

ఇది పట్టణపువారి ముచ్చట, మనకెందుకు అని మీలో కొందరనవచ్చును. అయితే ఆ అంగడిలో గంప ముందర పెట్టుకొని కూర్చుండువారు ఎవరు? మన అక్కచెల్లెండ్రే, మన పల్లెలనుండి తెల్లవారకముందే బస్సెక్కి పోయినవారే. కుంచె పట్టినవాడు పట్టణమందున్నను, ముఖము మాత్రము మన ఇంటిది.

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమును మీలో కొందరు చూచియుందురు. బిడ్డలను చేర్పించుటకు పోయినవారికి ఆర్ట్స్ కాలేజీ మెట్లు జ్ఞాపకముండును. విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. ఈ ఆర్ట్స్ కాలేజీ భవనమును 1939 డిసెంబరు 4న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించెను. బెల్జియము దేశస్థుడైన జాస్పర్ అను శిల్పి దాని నమూనా గీసెను. గులాబి వన్నె నల్లసానపు రాతితో కట్టిన ఆ ఎత్తైన ముఖద్వారమును చూచిన ప్రతి విద్యార్థికిని ఫోటో తీయవలెననిపించును; బొమ్మలు నేర్చుకొనువాడు మొదట దానినే వేయును. అందులో ధర్మసందేహ మేదియు లేదు. రాయి ఎదురు ప్రశ్న వేయదు, సిగ్గుపడదు, బాధపడదు.

ఆవరణము దాటి తార్నాక వైపునకు వచ్చితిమా, సంగతి మారిపోవును. పూర్వము అక్కడ తీగల కంచె వేసిన నాకా యుండెడిదనియు, తారు అనగా తీగ గనుక తార్నాక యను పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఇప్పుడక్కడ నెత్తిమీదుగా మెట్రో రైలు పోవుచున్నది. 2017 నవంబరులో మొదలైనది. చుట్టుప్రక్కల పెద్ద పరిశోధనాలయములున్నవి. ప్రక్కనున్న సీతాఫల్‌మండికి పేరులోనే అంగడి యున్నది. ఇంత పట్టణము నడుమను, రోడ్ల ప్రక్కలను సందుల మొదళ్ళలోను తోపుడు బండ్లు, గంపలు, నేలపై పరచిన గోనెసంచులు, వాటిమీద గోంగూర కట్టలు, దొండకాయలు, బెండకాయలు, టమాటాలు. పైన టార్పాలిను. బొమ్మ గీయువాని కన్ను ఇక్కడ ఆగును. ఆగుటలో తప్పు లేదు. మన ప్రభువు కూడ ద్రాక్షతోట పనివారి ఉపమానములో సంతవీధిలో ఊరక నిలిచియున్నవారిమీద మన కన్ను నిలిపెను గదా.

మా సంఘములోని యౌవనస్థుడొకడు ఆ విశ్వవిద్యాలయములో చదువుచు, తార్నాకలో ఒక గది అద్దెకు తీసికొనియున్నాడు. తీరిక దొరికినప్పుడు తైలవర్ణములతో బొమ్మలు వేయును. మా ఇంటివారి కండ్ల పరీక్షకై నేను పట్టణమునకు పోయినప్పుడు ఆ గదిలోనే రెండు రాత్రులు దిగితిమి. గదినిండ అవిసెనూనె వాసన, టర్పెంటైను వాసన. గోడకు ఆనించిన కాన్వాసుమీద సగము పూర్తియైన అంగడి. దాని ప్రక్కన మేకుకు తగిలించిన ఫోటో.

అతడు ఆ పని చేయు విధమును నాకు వివరముగా చూపించెను. మనకు తెలియని పని గనుక చెప్పుచున్నాను. మొదట ఫోటోమీద నిలువుగను అడ్డముగను గళ్ళు గీయును. కాన్వాసుమీద అన్నే గళ్ళు పెద్దవిగా గీయును. ఏ గడిలో ముక్కు వచ్చినదో ఆ గడిలోనే ముక్కును గీసికొనుచు పోవును. అటుపిమ్మట టర్పెంటైనుతో పలుచచేసిన మట్టిరంగుతో వెలుగునీడలను మాత్రము పూయును. దానిమీద అసలు రంగులు పొరపొరలుగా వచ్చును. క్రింది పొరలో నూనె తక్కువగాను పై పొరలో ఎక్కువగాను ఉండవలెనట. లేనియెడల క్రిందిది ఆరకమునుపే పైది బిగిసి, బీటలు వారును. నీళ్ళ రంగు ఆరినట్లు తైలవర్ణము ఆరదు. నీరు ఆవిరియైపోవును గాని అవిసెనూనె గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని మెల్లగా గట్టిపడును. ఒక్కొక్క పొరకు దినములు పట్టును. వార్నిషు పూయుటకు నెలలు ఆగవలెను.

ఫోటోలో ఉన్నది ఉన్నట్లే ఉండును గదా, దానిని దింపుటలో కష్టమేమి అని నేనడిగితిని. అతడు నవ్వి టార్పాలినును చూపించెను. అది నీలపుది. ఎండ దానిగుండ దిగి, క్రింద కూర్చున్న స్త్రీ ముఖమును నీలముగా చేసియున్నది. ఫోటోలో ఆమె చెంపలు శవము చెంపలవలె నున్నవి. అక్కడ నిలుచుండి చూచినవానికి ఆమె అట్లు కనబడదు. మన కన్ను, మన మనస్సు కలిసి ఆ నీలమును తీసివేసి మనిషి వన్నెను చూచును. యంత్రమునకు ఆ వివేకము లేదు. నీడలో ఉన్నదానిని మరీ నల్లగాను, ఎండలో ఉన్నదానిని తెల్లని మచ్చగాను చేసి, దగ్గరనున్న చేతిని ఉండవలసినదానికంటె పెద్దది చేసి చూపును. కాబట్టి ఫోటో అబద్ధమాడదు అను మాటను నేను నమ్మను. దానిని గ్రుడ్డిగా దింపినవాడు యంత్రపు తప్పును తన చేతితో మరల వ్రాసినవాడగును.

మరియొక సంగతి ఆ రాత్రి నాకు నిద్ర పట్టనియ్యలేదు. ఆ ఫోటో తీయుటకు సెకనులో వందల వంతులలో ఒక వంతు చాలినది. ఆ బొమ్మకు అతడు మూడు వారములుగా ప్రతి సాయంకాలము కూర్చుండెను. ఆమె కనుబొమల నడుమనున్న ముడతను, పెదవి మూలను, చెవికమ్మ బరువుకు సాగిన చెవితమ్మెను గంటల తరబడి చూచెను. ఆమె కన్న కుమారుడైనను ఆమె ముఖమును అంతసేపు చూచియుండడేమో. ఆమెకు మాత్రము ఇతడెవడో తెలియదు. ఆమె అమ్మినది పావుకిలో పచ్చిమిరపకాయలు. ముఖమును అమ్మలేదు, అప్పుగా ఇయ్యలేదు, దానము చేయలేదు.

ఇది క్రొత్త కాలపు సందేహమనుకొనకుడి. నిజాము కొలువులో ఫోటోలు తీసి పేరు పొందిన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో పెట్టెను. అక్కడ ఫోటో తీయునది కూడ ఒక ఆంగ్లేయ స్త్రీయే. ఘోషా కుటుంబముల స్త్రీల ముఖములను పరపురుషుడు చూడరాదని ఆ ఏర్పాటు. స్త్రీ ముఖమును ఎవరు చూడవచ్చును, ఆ చూపు ఎవరి చేతికి పోవును అను ప్రశ్నకు ఆ దినములలో గోడలు కట్టి జవాబు చెప్పిరి. గోడలున్నవారికి ఆ మర్యాద దొరికెను. రోడ్డు ప్రక్క గోనెసంచిమీద కూర్చున్న స్త్రీకి గోడ ఎక్కడిది? ఆమె చూపబడుటకే కూర్చున్నట్లు లోకము ఎంచును.

స్కాట్లండు దేశములో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పవలసియున్నది. అది సంఘ చరిత్రకు కూడ చెందినది. 1843 మే నెలలో, సంఘకాపరులను నియమించు అధికారము భూస్వాములకుండరాదని 400 మందికి పైగా సేవకులు తమ జీతములను, ఇండ్లను, గుడులను విడిచిపెట్టి, స్కాట్లండు స్వతంత్ర సంఘముగా ఏర్పడిరి. ఎడింబరోలో వారు ఆ పత్రముమీద సంతకములు చేయుచుండగా డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడు చూచి, ఆ సభనంతటిని తైలవర్ణములలో వేయుటకు పూనుకొనెను. అన్ని వందల ముఖములను కూర్చుండబెట్టి గీయుట ఎట్లు? అప్పటికి ఫోటో తీయు విద్య పుట్టి నాలుగైదేండ్లే అయినది. రాబర్ట్ ఆడమ్‌సన్ అను యౌవనస్థుడు ఆ విద్య నెరిగినవాడు. హిల్ అతనితో కలిసి సేవకుల ముఖములను ఒక్కొక్కటిగా ఫోటో తీయించి, వాటిని చూచి బొమ్మ వేయ మొదలిడెను. ఆడమ్‌సన్ 1848లో చిన్న వయస్సుననే చనిపోయెను. బొమ్మ ముగియుటకు 1866 వరకు, అనగా 23 ఏండ్లు పట్టెను. పదునొకండు అడుగులకు మించిన వెడల్పుగల ఆ చిత్రములో 457 ముఖములున్నవి.

వారిద్దరు సేవకులను మాత్రమే తీయలేదు. ఎడింబరో దాపున న్యూహేవెన్ అను జాలరిపల్లె యుండెడిది. అక్కడి స్త్రీలు చేపల గంపలను వీపులమీద మోసికొని పట్టణపు వీధులలో అమ్ముకొనువారు. వారి ఫోటోలను కూడ హిల్, ఆడమ్‌సన్‌లు తీసిరి. ఆ దినముల ఫోటో ఎట్టిదనగా, ఎండలో ఎంతోసేపు కదలక నిలువవలెను. కదలినచో ముఖము అలుకుకొనిపోవును. కాబట్టి ఆ చేపలమ్ము స్త్రీ తన కాలమును, తన ఓర్పును వారికి తానే ఇచ్చెను. ఆమె ఒప్పుకొననిదే ఆ ఫోటో లేదు. నేడు మన చేతిలోని ఫోను ఎవరి ఒప్పుదలయు అడుగనక్కరలేని యంత్రము. పనిముట్టు బాగుపడెను, దానితోకూడ ఉండిన ఒక మర్యాద జారిపోయెను.

ఆ ఫోటోలలోని ఒక స్త్రీ కన్నులు క్రిందికి వంచుకొని యుండును. 1931లో వాల్టర్ బెన్యామిన్ అను జర్మను రచయిత ఆ ఫోటోను గూర్చి వ్రాయుచు, తీసినవాని నేర్పు ఎంత గొప్పదైనను, ఒకనాడు బ్రదికిన ఈ మనిషి పేరేమి అను ప్రశ్న అందులోనుండి లేచుచునే యుండునను భావము తెలిపెను. ఆమె పేరు దొరికినది కూడ: ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్. చేపలమ్ముకొనిన ఆ తల్లి పేరు నేడు తార్నాకకు ఇంత దూరమున మనము పలుకుచున్నాము.

ఇక మార్పులను గూర్చి. హిల్ వేసిన బొమ్మలో ఆనాటి సభలో లేనివారు కూడ కొందరు చేరిరి. 23 ఏండ్లు పట్టినందున కొందరి ముఖములు ఆనాటికంటె ముదిరినవి. తన్నును, పెట్టెతోకూడ ఆడమ్‌సన్‌ను సహా చిత్రకారుడు అందులో చేర్చుకొనెను. ఇది అబద్ధమా? నేను అబద్ధమనను. అది ఒక్క గంటను చూపు బొమ్మ కాదు, ఒక సంఘమును చూపు బొమ్మ. అక్కడ లేని మనిషిని చేర్చినను, ఆ మనిషి నమ్మనిదానిని అతనిచేత నమ్మించినట్లు వేయలేదు. ఎవనినైనను సంతకము చేయనివాడిని చేసినట్లు వేసినయెడల, అప్పుడు తగవు వచ్చియుండును.

మన యౌవనస్థుని కాన్వాసును తెల్లవారి నేను ఫోటోతో పోల్చి చూచితిని. మెట్రో స్తంభమును తీసివేసియున్నాడు. వెనుకనున్న బండిని కొంచెము ఎడమకు జరిపియున్నాడు. ప్లాస్టిక్ సంచులు లేవు. ముఖమునుండి టార్పాలిను నీలమును తీసివేసి, గోధుమవన్నె తెచ్చియున్నాడు, అది న్యాయమే. స్తంభమును గూర్చి నేను పట్టుపట్టలేదు గాని, తార్నాకలో కూర్చున్న మనిషిని ఎక్కడిదో ఎరుగని కాలములో కూర్చుండబెట్టుట నాకంత రుచింపలేదు. అయితే మరియొక మార్పును చూచి ఆగితిని. ఫోటోలో ఆమె ముందర బ్యాటరీతో పనిచేయు ఎలక్ట్రానిక్ కాంటా యున్నది. కాన్వాసుమీద దానికి బదులు ఆమె చేతిలో పాతకాలపు తరాజు, రెండు పళ్ళెములు, ఇనుప తూకపురాళ్ళు.

“ఇదెందుకు మార్చినావు?” అంటిని.

“కాంటా డబ్బా లెక్క ఉంటది అయ్యగారూ, బొమ్మకు కళ రాదు. తరాజైతే చేయి పైకి లేస్తది, చూడ సక్కగుంటది” అనెను.

“ఆమెకు చూపించినావా?”

చూపించలేదు. చూపించవలెనని అతనికి తోచనే లేదు. పోయి చూపుము అని చెప్పితిని. పచ్చి రంగుతో కాన్వాసును వీధిలోనికి తీసికొనిపోలేము గనుక దానిని ఫోనుతో ఫోటో తీసికొని ఇద్దరము నడిచిపోతిమి. ఆమె అక్కడనే, ఆ టార్పాలిను క్రిందనే యుండెను. మొదట అనుమానముగా చూచెను. ఎవరికి పంపుతవని అడిగెను. ఎవరికిని పంపలేదని చెప్పిన తరువాత ఫోనును చేతికి తీసికొని, కొంగుతో తుడిచి, చాలసేపు చూచెను.

“నేనేనా బిడ్డా గీడ ఉన్నది?”

“నువ్వే అమ్మా.”

“మంచిగనే దించినవ్. ముక్కుపుల్ల గూడ దించినవ్. గని నా కాంటా ఏది?”

అతడు తనకు తోచిన కారణము చెప్పెను. ఆమె నవ్వలేదు.

“ఆ తరాజు వట్టుకొని కూసున్నన్నేండ్లు తూకం తక్కువ, తూకం తక్కువ అని జనం నన్ను అనని మాట లేదు. అప్పు దెచ్చి గీ కాంటా కొన్న. కనవడుతది గద నంబరు, ఇగ ఒక్కలు అంటలేరు. నువ్వు మల్ల నా చేతుల గదే వెట్టినవ్.”

ప్రియులారా, తరాజు దానంతట అది దొంగది కాదు. సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదట చెప్పబడినది తూచువాని హృదయమును గూర్చి. పనిముట్టును గూర్చి కాదు. పాత తరాజుతో ధర్మముగా తూచి బ్రదికినవారు మన పెద్దలలో ఎందరో యున్నారు. అయినను ఈమె విషయములో ఆ కాంటా ఎట్టిది? తనమీద పడిన నిందను తొలగించుకొనుటకు అప్పు చేసి తెచ్చుకొనిన సాక్షి. చిత్రకారుడు అందముకొరకు ఆ సాక్షిని తుడిచివేసి, నిందను మరల ఆమె చేతికిచ్చెను. అతనికి ఏ దురుద్దేశమును లేదు. అబద్ధసాక్ష్యమనగా పగపట్టి చెప్పునదే అని మనమనుకొందుము. పొరుగువారిని మనకు ఇంపుగా నుండునట్లు మార్చి చెప్పుట కూడ ఆ జాతిదే. అందుకే అది ఆ ఆజ్ఞకు చెందినదని మొదట వ్రాసితిని.

ఆ తరాజు ఎవరికి ఇంపు? అటువంటి బొమ్మను కొని తన ఇంటి ముందుగదిలో తగిలించుకొనువానికి. పల్లెటూరిది పాతగా నుండవలెను, పేదగా నుండవలెను, ఆమె చీర ముతకగా నుండవలెను, చేతిలో ప్లాస్టిక్ ఉండరాదు. అతని మనుమడు ఫోను పట్టుకొని ఆడుకొనవచ్చును గాని ఆమె ఫోను పట్టుకొనినయెడల బొమ్మ చెడిపోవును! మనవాళ్ళ బీదతనమును అలంకారముగా కోరు ఈ రుచిని నేను మంచి రుచి అనను.

సిద్దిపేటవారైన కాపు రాజయ్య (1925–2012) పల్లె పండుగలను, కష్టజీవులను వేసిరి. తోట వైకుంఠం పెద్ద బొట్లుగల తెలంగాణ స్త్రీలను ముదురు రంగులలో వేయుచు పేరు పొందిరి. వారిని గూర్చి ఇట్టి తగవు రాదా అని అడుగవచ్చును. అక్కడ సంగతి వేరు. ఆ బొమ్మలలోని స్త్రీ ఫలానా వీధిలోని ఫలానా ఆమె అని ఎవరును అనరు; పాటలోని పల్లెపిల్లవలె ఆమె అందరిది. ఫోటో చూచి ముక్కుపుల్లతో సహా దింపినప్పుడు మాత్రము బొమ్మ ఒక మనిషిని వ్రేలితో చూపుచున్నది. వ్రేలు చూపినవాడు జాగ్రత్తగా చూపవలెను.

ఆమెకు రావలసినదేమి అను ప్రశ్న మిగిలియున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఫోటోకు కర్త దానిని తీసినవాడు. బొమ్మకు కర్త దానిని వేసినవాడు. ఒకడు తీసిన ఫోటోను చూచి మరియొకడు బొమ్మ వేయవలెనన్న తీసినవాని సెలవు కావలెను. యంత్రము నొక్కినవానికి హక్కుండి, ముఖము గలవారికి ఆ వరుసలో చోటు లేకపోవుట వింతగా లేదా? చట్టము చేయనిదానిని మనస్సాక్షి చేయవలసియుండును. మన యౌవనస్థుడు అయిదు వందల రూపాయల నోటు తీసి ఆమెకు ఈయబోయెను. ఆమె పుచ్చుకొనలేదు. “ఎంతకు అమ్ముతవ్?” అనెను. ఇంకను తెలియదనెను. “అమ్మినంక చెప్పు” అనెను. అంగడిలో ముప్పది ఏండ్లు బేరము చేసిన మనిషి. వెల తెలియకముందే తన వంతును తెంచుకొనునా?

డబ్బుకంటె ముందు ఈయవలసినది పేరు అని నా తలంపు. లూకా చిత్రకారుడని ఒక పాత ఐతిహ్యము కలదు. దానికి లేఖనాధారము లేదు. అయినను అతడు మనుష్యులను చూచిన విధము చిత్రకారుని చూపే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో ఒక వ్యాపారపు స్త్రీని చెప్పునప్పుడు ఆమె పేరు లూదియ అని, ఊరు తుయతైర అని, ఆమె అమ్మునది ఊదారంగు అని మూడును చెప్పెను. ఆమె ముఖము ఎట్లుండెనో మనకు తెలియదు గాని, ఎవరో ఒక స్త్రీ అని మనమనము. తార్నాకలోని ఆమెను కూడ మన యౌవనస్థుడు ఆ దినము పేరడిగెను, ఊరడిగెను. పేరును బొమ్మ వెనుక వ్రాసికొమ్మనియు, ముందర వ్రాయవద్దనియు ఆమె చెప్పెను. అది ఆమె ఇష్టము గనుక నేనును ఇక్కడ వ్రాయను.

తరాజుమీద క్రొత్త రంగు పూసినయెడల చాలునా అని అతడు నన్నడిగెను, నాకేమి తెలియును! అతడే విచారించి చెప్పినదేమనగా, తైలవర్ణము ఏండ్లు గడచినకొలది కొంత పారదర్శకమగును, అడుగున కప్పిన రూపము మెల్లగా పైకి కనబడును. పెద్ద చిత్రకారుల పాత బొమ్మలలో ఒక చేతి వెనుక మరియొక చేయి నీడవలె కనబడుట ఇందువలననే. అందుచేత అతడు చాకుతో ఆ చోటును బట్ట కనబడువరకు గోకివేసి, అడుగునుండి మొదలిడెను. వారము దినములు ఎక్కువ పట్టెను.

చిత్రకారుని ఇంతగా విచారించినవారము మన సంగతియు విచారింపవలెను. 2020లో వ్యాధి వలన దేశమంతయు మూతబడినప్పుడు మన సంఘములు బియ్యము సంచులు పంచినవి, మంచి పని. అయితే సంచికి ఒక ప్రక్క ఇచ్చువారును, మరియొక ప్రక్క పుచ్చుకొనువారును పట్టుకొని నిలిచి ఫోటో దిగనిదే సంచి చేతికి రాని చోట్లు లేవా? ధర్మము చేయునప్పుడు బూర ఊదించుకొనరాదని ప్రభువు చెప్పెను గాని, ఫోటో తీయించుకొనవచ్చునని ఎక్కడ చెప్పెను? ఆ ఫోటోలు నివేదికలలోనికి పోవును, దూరదేశములకు పోవును. ఇచ్చినవారి పేర్లు క్రింద అచ్చగును. పుచ్చుకొనిన ముసలమ్మ “లబ్ధిదారులలో ఒకరు”. మరుసటి యేడు ఆమె పంట బాగుగా పండి, తన కోడి గ్రుడ్లను కానుకపెట్టెలో పెట్టినప్పుడు ఆ ఫోటో తీయుటకు ఎవరు వచ్చిరి? మిషను దినములనుండి మన పత్రికలు ఇట్టి ముఖములతోనే నిండియున్నవి. ఆ ఫోటోల వలన ఆసుపత్రులు కట్టబడినవి, పాఠశాలలు నడిచినవి; ఆ మేలును కాదనుట కృతఘ్నత యగును. కాని ఆ మేలులో ఆ ముఖముల వంతు ఎంతో ఎవరును లెక్క వ్రాయలేదు.

మా గుడి వెనుక గదిలో అటువంటి ఫోటో యొకటి యున్నది. మా ఊరి అంగడిదే. చింతచెట్టు క్రింద బల్ల, బల్లమీద సువార్త భాగములు, టోపీ పెట్టుకొనిన మిషనరీ దొరగారు, ఆయన ప్రక్కన నలుగురు బైబిలు స్త్రీలు, చుట్టు సంతకు వచ్చిన జనము. చెదలు ఒక మూలను తినివేసినవి. దానిని తైలవర్ణములలో వేయించి గుడిలో పెట్టవలెనని పెద్దలు తీర్మానించి, ఆ పనిని తార్నాకలోని మన యౌవనస్థునికే అప్పగించిరి. అతడు వెంటనే పంపిన ప్రశ్నలు రెండు. ఫోటో నలుపు తెలుపులది గనుక ఆ నలుగురి చీరలు ఏ రంగువి? అట్ట క్రింద దొరగారి పేరు ఆంగ్లములో అచ్చువేసియున్నది గాని ఆ నలుగురి పేర్లేవి?

సంఘములోని అందరికంటె పెద్ద తల్లికి ఆ ఫోటోను చూపితిమి. ఎడమనుండి రెండవ ఆమె తన మేనత్త దేవమ్మ అని చెప్పెను. ఆదివారములయందు తెల్లచీర, అంగడికి పోవునప్పుడు మాత్రము ఎర్రంచు నల్లచీర కట్టెడిదట. చివరన పుస్తకములు పట్టుకొని నిలిచిన పొట్టి ఆమెను చూచి, ముఖము తెలిసినదే గాని పేరు నోటికి వచ్చుట లేదనెను. మిగిలిన ఇద్దరిని ఆమె ఎరుగదు. ఈ పత్రిక చదువువారిలో మా చుట్టుపట్ల ఊళ్ళనుండి పెండ్లియై పోయినవారు అనేకులున్నారు. మీ ఇంటిలో తాతమ్మలు అంగడికి పోయి సువార్తలు అమ్మినట్లు విన్నయెడల, వారి పేరును, చీర రంగును ఒక కార్డుమీద వ్రాసి పంపుడి. కాన్వాసుమీద మట్టిరంగు పొర ఇప్పటికే ఆరినది. ముఖముల చోటును అతడు ఇంకను ముట్టుకొనలేదు.